దూత ఒక్క వీధి వరకే వచ్చాడు

తెలుగు క్రైస్తవ సంఘాల కాపరులకూ, సంఘ పెద్దలకూ, స్త్రీల సమాజాల అక్కలకూ బహిరంగ లేఖ



రాజమహేంద్రవరంలో ఉంటూ పద్నాలుగేళ్ళుగా జైలు పరిచర్యకు వెళ్తున్న రిటైర్డు టీచర్ని. మీలో చాలామందిని గేటు దగ్గర చూశాను. క్రిస్మస్‌కు కేకులు, ఈస్టర్‌కు పాటలు, నెలకోసారి వాక్యం పట్టుకుని వస్తారు. సెల్‌ఫోన్లు బయట అప్పజెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టి, తల వంచుకుని ఆ చిన్న తలుపులోంచి దూరి లోపలికి వెళ్తాం. మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినవాళ్ళెవరూ ఆ పనిని చిన్నదనలేరు. నేను ఇవాళ అడుగుతున్నది మాత్రం ఆ చిన్న తలుపులోంచి ఒక మనిషి బయటికొచ్చే సాయంత్రం గురించి. ఆ సాయంత్రం మనమెవరం అక్కడ ఉండడం లేదు.

విడుదల చాలాసార్లు సాయంత్రమే అవుతుంది. కోర్టు కాగితం జైలుకు చేరాలి, రిజిస్టర్లు సరిచూడాలి, ఒంటి మీద పుట్టుమచ్చలూ వేలిముద్రలూ పోల్చుకోవాలి, లోపలికొచ్చిన రోజు రాసుకున్న వస్తువులు లెక్కపెట్టి ఇవ్వాలి. అవన్నీ అయ్యేసరికి పొద్దు వాలుతుంది. అరెస్టయిన నాటి చొక్కా ప్యాంటూ చేతికొస్తాయి. నడుం అప్పటిది కాదు, ప్యాంటు జారిపోతుంది. చెప్పులుంటే మూటలో ఎండిపోయి, నాలుగడుగులు వేయగానే తెగిపోతాయి. ఫోను ఉన్నా సిమ్ము ఎప్పుడో రద్దయిపోయింది. గుర్తున్న నంబరు ఒక్కటే, అదీ ఏడాదిగా ఎవరూ ఎత్తనిది. టీ కొట్టు దగ్గర నిలబడితే ముందున్న కుర్రాడు ఫోను చూపించి టీ తాగి వెళ్ళిపోయాడు, డబ్బులెందుకివ్వలేదో అర్థం కాదు. ఏళ్ళ తర్వాత రోడ్డు దాటడం ఎంత భయమో వాళ్ళ పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. బండ్ల వేగం కళ్ళకు ఆనదు. ఇల్లు ఏ మారేడుమిల్లి అవతలో, చింతూరు దాటి లోపలో అయితే చీకటి పడ్డాక బస్సు దొరకడం కష్టం. అప్పుడు ఆ మనిషికి తెలిసిన చోట్లు రెండే ఉంటాయి: ఒకటి రైల్వే స్టేషను, రెండోది లోపల పరిచయమైన ఎవడో ఇచ్చిన చిరునామా. ఆ రెండో చోట తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. భోజనం పెడతారు, మందు పోస్తారు, పనీ చూపిస్తారు. ఆ పని ఏమిటో మీరు ఊహించగలరు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం మీరందరూ ఎన్నోసార్లు ప్రసంగించినదే. హేరోదు పేతురును చెరసాలలో వేయించాడు. పదహారుమంది కాపలా, ఇద్దరు సైనికుల మధ్య రెండు సంకెళ్ళు. సంఘం అతని కోసం ప్రార్థిస్తోంది. రాత్రి దూత వచ్చి తట్టి లేపాడు. చిన్నప్పటినుంచీ ఈ అధ్యాయం నాకు సంకెళ్ళు ఊడిపడిన అద్భుతమే. జైలుకు వెళ్ళడం మొదలుపెట్టాక గాని మిగతా సంగతులు కంటికి ఆనలేదు. సంకెళ్ళు ఊడగానే దూత పేతురుకు చెప్పిన మొదటి విషయాలు నడుం కట్టుకోవడం, చెప్పులు తొడుక్కోవడం, పైబట్ట కప్పుకోవడం. పరలోకం నుంచి వచ్చినవాడికి చెప్పుల సంగతి గుర్తుంది! కావలి దాటారు, పట్టణం వైపున్న ఇనుప గేటు తనంతట తానే తెరుచుకుంది. ఇద్దరూ ఒక వీధి నడిచారు. అక్కడితో దూత వెళ్ళిపోయాడు.

ఆ మిగతా దారి మనుషులదని నా నమ్మకం. మార్కు తల్లి మరియ ఇంట్లో చాలామంది కూడి ఆ రాత్రి ప్రార్థనలో ఉన్నారు. పేతురు వెళ్ళి తలుపు తట్టాడు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టింది, సంతోషం పట్టలేక తలుపు తీయడం మరిచి లోపలికి పరుగెత్తింది. లోపలున్న పెద్దలు ఆ పిల్లకు పిచ్చెత్తిందన్నారు. పేతురు అక్కడే నిలబడి తడుతూ ఉన్నాడు. జైలు గేటు ఎవరూ ముట్టకుండానే తెరుచుకున్న ఆ రాత్రి, ప్రార్థన జరుగుతున్న ఇంటి తలుపు మాత్రం మూసే ఉంది.

ఆ తలుపు వెనక నేనూ నిలబడ్డాను కాబట్టి రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. నాలుగేళ్ళపాటు ప్రతి నెలా నేను పేరు పెట్టి ప్రార్థించిన ఒకతను ఉండేవాడు. దొంగతనం కేసులు. పాటలప్పుడు డప్పు అతనే వాయించేవాడు. విడుదలైన రోజు రాత్రి తొమ్మిదింటికి మా వీధి వెతుక్కుంటూ వచ్చి గ్రిల్ దగ్గర నిలబడి, "అమ్మగారూ" అని పిలిచాడు. మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళారు. మా అమ్మాయి లోపల పరీక్షకు చదువుకుంటోంది. నేను గ్రిల్ తీయలేదు. "ఇంత రాత్రప్పుడు వచ్చావేం నాయనా" అన్నాను. సందులోంచి రెండొందలు ఇచ్చాను. ఊచల అటువైపు అతను తల వంచితే ఇటువైపు నుంచి ప్రార్థన కూడా చేశాను. ములాఖత్‌లో జాలీకి చెరో పక్కన నిలబడినట్టే ఉన్నాం, ఈసారి జాలీ నాది. అతను దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రీ ఆ తర్వాత మూడు రాత్రులూ స్టేషన్లో పడుకున్నాడని తర్వాత తెలిసింది. అయిదు నెలలకు లోపల మళ్ళీ కనబడ్డాడు, సైకిలు దొంగతనం. నన్ను చూసి ముఖం తిప్పుకుంటాడనుకున్నాను. "అమ్మాయిగారు పాసయ్యారా అమ్మా" అని అడిగాడు.

పిల్లతో ఒంటరిగా ఉన్న ఆడమనిషి రాత్రిపూట తలుపు తీసి తీరాలని నేను మీకు చెప్పను. అతను ఆ వేళ మా గ్రిల్ దగ్గరికి రావలసిన అవసరమే లేకుండా చేసి ఉండాల్సింది. విడుదల తేదీ నాకు ముందే తెలుసు, ప్రార్థన పుస్తకంలో రాసుకున్నాను కూడా. మా సంఘంలో నుంచి ఇద్దరు మగవాళ్ళు ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉంటే చాలు. ఒక జత చెప్పులు, కడుపునిండా భోజనం, ఒక రాత్రి పడక, పొద్దున్నే బస్సు టిక్కెట్టు. నాలుగేళ్ళ ప్రార్థన ఆ నాలుగింటి దగ్గర ఆగిపోయింది.

ఆ తర్వాత జైలుకు వెళ్ళే మా గుంపు ప్రార్థన పుస్తకం తీరు మార్చింది. ఇప్పుడు పేరు పక్కన విడుదల తేదీ, ఊరు, ఆ వైపు ఆఖరి బస్సు వేళ, ఎదురెళ్ళే ఇద్దరి పేర్లు రాస్తాం. ప్రార్థన తగ్గలేదు, పెరిగింది. "ప్రభువా, అతనికి తోడుగా ఉండు" అని ముగించేచోట ఇప్పుడు "వాళ్ళ తమ్ముడు ఫోనెత్తేలా చెయ్యి, రేషన్ కార్డులో పేరు తీసేశారు, తహసీల్దారు ఆఫీసులో మంచి మనిషి దొరికేలా చెయ్యి" అని అడుగుతాం. అలా అడిగినప్పుడు మర్నాడు పొద్దున మన కాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలిసిపోతుంది. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దొరికిన తెలివి అది. నాకు మరోచోట దొరకలేదు.

ఇక అసలు లోపలే చిక్కుకుపోయినవాళ్ళ సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా వినండి, మీకున్న శక్తి మీకే తెలియని చోటు ఇది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. వాళ్ళలో బెయిలు వచ్చినా బయటికి రానివాళ్ళున్నారు. కారణం జామీను. ఇద్దరు ష్యూరిటీలు కావాలంటారు. ఇంటి పన్ను రసీదు, పంచాయతీ ఇచ్చే విలువ పత్రం, ఆధార్ పట్టుకుని కోర్టుకొచ్చి, ఈ మనిషి వాయిదాలకు వస్తాడని చెప్పేవాళ్ళు కావాలి. పూరింటివాడికి ఎవరున్నారు? ఇంటి కాగితాలున్నవాళ్ళు అతనికి చుట్టాలు కారు. అద్దెకు జామీనులిచ్చేవాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు, వాళ్ళకు కట్టడానికి ఆ భార్య అమ్మేది చెవులకున్న కమ్మలు.

1978లో మోతీరాం అనే తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మధ్యప్రదేశ్ మనిషి. బెయిలిచ్చిన తర్వాత మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముడు వస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతి తప్పన్నారు. జామీను పేరుతో పేదవాణ్ణి జైల్లో ఉంచకూడదని ఆనాడే తేల్చారు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు తయారుచేసిన ప్రసంగం పక్కన పెట్టి ఇదే మాట్లాడారు. ఆ మరుసటి ఏడాది కేంద్రం ఒక పథకం పెట్టింది. జామీను కట్టలేని పేద విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక శిక్ష ముగిసినా లోపలే ఉన్నవాడికి 25,000 వరకు ప్రభుత్వం కడుతుందని అప్పుడు ప్రకటించింది. గంజాయి కేసులకు ఇది వర్తించదు. మన ఏజెన్సీలో మూట మోసినందుకు కూలి తీసుకుని దొరికిపోయిన కుర్రాళ్ళు చాలామంది ఆ కేసులవాళ్ళే. వాళ్ళకు బెయిలు రావడమే కష్టం, వచ్చాక జామీనుదారు దొరకడం ఇంకా కష్టం.

బెయిలొచ్చి వారమైనా విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలనీ, నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడవచ్చనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకపోతే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్ళు సగం లోపల గడిపేస్తే బెయిలుకు అర్హులు. ఇంకో కేసు ఉంటే ఇది కుదరదు. ఆ ఏడాది ఆగస్టులో పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతులు మీ సంఘంలో ఉన్న లాయరు తమ్ముడికి తెలిసే ఉంటాయి. ఏడాదికి నాలుగు కేసులు చూసిపెట్టమని అతన్ని అడిగారా ఎప్పుడైనా? అడగకపోతే వచ్చే ఆదివారం అడగండి. లాయరే లేని సంఘమైతే 15100కు ఫోను చేయండి, న్యాయ సహాయం ఉచితం.

జామీను మాటెత్తగానే ఒక పెద్దాయన లేచి, పరాయివాడి కోసం పూటపడవద్దని సామెతల గ్రంథం హెచ్చరిస్తోంది కదా అంటారని నాకు తెలుసు. ఒకరిద్దరు కాదు, చాలామంది అన్నారు. ఉంది, నిజమే. అప్పుల్లో కూరుకుపోయే తొందరపాటు గురించి ఆ హెచ్చరిక. అదే గ్రంథరాశిలో యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం తండ్రికి పూటపడ్డాడు. చెరలో ఉన్న పౌలు ఒనేసిము కోసం ఫిలేమోనుకు ఉత్తరం రాస్తూ, అతని బాకీ ఏదైనా తన ఖాతాలో వేసుకొమ్మని స్వహస్తంతో రాసిచ్చాడు. ఆ ఉత్తరం ఫిలేమోను ఒక్కడికే రాయలేదు, అతని ఇంట కూడే సంఘమంతటికీ రాశాడు. అందరి ముందూ చదివే ఉత్తరం అది. నేను ఇలా బహిరంగంగా రాయడానికి నాకు ధైర్యమిచ్చిందీ అదే. జామీను ఇస్తే ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. అతను వాయిదాకు రాకపోతే బాండు సొమ్ము కట్టమని నోటీసు మీకొస్తుంది. అందుకే ఒక్కరి మీద వేయకండి. సంఘంలో పదిమంది కలిసి ఒక నిధి పెట్టుకోండి, ఇద్దరు సంతకం చేయండి, వాయిదా రోజు అతని ఇంటికి వెళ్ళి బండి మీద కూర్చోబెట్టుకుని కోర్టుకు తీసుకెళ్ళండి. నాకు తెలిసి ఇంతవరకు మా గుంపు ఇచ్చిన జామీనుల్లో ఒక్కటి మాత్రమే చెడింది. ఆ కుర్రాడి కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాం. బాండు సొమ్ము మేమే కట్టాం.

సువార్త పని వేరు, ఇది సంఘసేవ, ఎన్జీవోలు చూసుకుంటాయి అనేవాళ్ళున్నారు. మన సంఘాలు ఎలా పుట్టాయో వాళ్ళకు గుర్తుచేయాలి. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో చచ్చిపోతున్న మాదిగపల్లెలకు కూలి పని దొరకాలని. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. బాప్తిస్మం కావాలని వందలమంది అడుగుతున్నా, కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని జరుగుతున్నంత కాలం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్నారు. అంకె మీ అందరికీ తెలుసు. దాని వెనకున్న గునపాలూ తట్టలూ మరిచిపోయాం. ఆయన అలా ఆగి ఉండడం కూడా మరిచిపోయాం. జైలు నుంచి వచ్చినవాడు హిందువు కావచ్చు, ముస్లిం కావచ్చు, దేవుడే లేడనవచ్చు. చెప్పులిచ్చి, అన్నం పెట్టి, బస్సెక్కించి, మళ్ళీ ఆదివారం గుడికి రాలేదేమని అడగకండి. వస్తే సంతోషం.

మన చరిత్రలో రెండో పక్కా ఉంది. పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్థులుగా ముద్రవేస్తూ 1871లో మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించిన చట్టం కింద, ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. బడి పెట్టారు, వైద్యం చేశారు, పనీ చూపించారు. హాజరు పట్టీ కూడా వాళ్ళే పిలిచారు. ప్రార్థన గంట కొట్టిన చేతుల్లోనే తాళాలూ ఉన్నాయి. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది గాని ఆ ఊరి పేరు మీద మచ్చ పోలేదు, సినిమాలు కూడా దాన్ని ఇంకా పులుముతూనే ఉన్నాయి. ఆ ఊళ్ళోకి తర్వాత తరంలో మనుషులుగా నడిచి వెళ్ళినవాళ్ళలో ముందు నిలిచింది హేమలతా లవణం గారు, జాషువా కవిగారి అమ్మాయి. భర్త లవణం గారు నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు. సంస్కార్ అనే సంస్థ పెట్టి, నేరం మీద బతికిన కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ దంపతులు ప్రార్థన చేసేవాళ్ళు కాదు. తలుపు మాత్రం తీశారు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, వాళ్ళ మీద గౌరవమూ ఉంది.

కతోలికుల్లో 1981లో కేరళలో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా ఇలాంటివాళ్ళ కోసం ఇళ్ళు కూడా నడుపుతోంది. ప్రభుత్వమూ కొంత చేస్తోంది. జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్ళకు పనిస్తున్నారు. 2024 జూలైలో తెలంగాణలో క్షమాభిక్ష మీద 213 మంది ఒక్కసారే బయటికొచ్చినప్పుడు కొందరికి అలాగే పని దొరికింది. బంకులు ఎన్నని ఉంటాయి? మిగతావాళ్ళకు పనివ్వాల్సింది మీ సంఘంలో ఫర్నిచరు షాపున్న అన్న, బేకరీ ఉన్న తమ్ముడు, సెంట్రింగు కాంట్రాక్టరు. లోపల వడ్రంగం నేర్చుకుని, మంచాలూ బీరువాలూ చేసిన చేతులవి. గురువారం దాకా కుర్చీలు చేసినతనికి శుక్రవారం విడుదలైతే శనివారం నుంచి ఏ షాపువాడూ పని ఇవ్వడు. పదేళ్ళు ఎక్కడ చేశావంటే ఏం చెప్తాడు? ఆ ప్రశ్నకు బదులు మీరు చెప్పండి. కాపరి మాట మీద పని దొరుకుతుంది మన ఊళ్ళలో.

డబ్బు చేతికి ఇవ్వకండి. అది అనుమానంతో అంటున్న మాట కాదు. పదేళ్ళుగా తన చేత్తో డబ్బు ఖర్చు పెట్టనివాడికి అయిదు వేలు ఒక బరువు, పైగా పాత స్నేహితులు వాసన పట్టి వస్తారు. గది అద్దె మీరే కట్టండి, ఉలీ రంపమూ మీరే కొనిపెట్టండి. ఆధార్ కోసం మీసేవకు మీరే వెంట వెళ్ళండి. లావాదేవీలు లేక ఆగిపోయిన బ్యాంకు ఖాతా మళ్ళీ తెరిపించడానికి రెండు మూడుసార్లు తిరగాల్సి ఉంటుంది, అతను ఒక్కడే వెళ్తే మొదటిసారికే సిగ్గుపడి మానేస్తాడు.

యావజ్జీవ శిక్ష నుంచి విడుదలై వచ్చిన ఒకాయన మా సంఘ పెద్ద ఇంట్లో మేడమీద గదిలో కొన్నాళ్ళున్నారు. రాత్రంతా లైటు వేసే ఉంచుకునేవారు, బ్యారక్‌లో లైట్లు ఆర్పరు కాబట్టి చీకట్లో నిద్ర పట్టదు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, పక్క మడతపెట్టి, కూర్చుని ఉండేవారు. ఏడవుతున్నా కిందికి రారు. మూడో రోజు పెద్దావిడ కాఫీ పట్టుకెళ్ళి తలుపు తోసి, "రావచ్చు కదండీ అన్నయ్యా" అంటే, "ఎవరైనా తీస్తారేమోనని..." అన్నారట. ఆ గదికి బయట గడియ లేదు. ఆయన చేత్తో తలుపు తీసుకుని పదిహేనేళ్ళయింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా బరువు. మగవాడు లోపలుంటే అమ్మో ఆలో వాయిదాకు వస్తుంది. ఆడది లోపలికెళ్తే చాలా ఇళ్ళలో ఆమె పేరు ఎత్తడం మానేస్తారు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరుతోనే ఉన్న ఒక కేసులో, ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో, 2006లో సుప్రీంకోర్టు తల్లులతో జైల్లో పెరిగే పిల్లల గురించి వివరంగా ఆదేశాలిచ్చింది. పిల్లలు ఆరేళ్ళ వరకే తల్లి దగ్గర ఉండవచ్చు. ఆరో పుట్టినరోజు దాటిన పిల్ల ఏ హోముకో, ఏ అమ్మమ్మ దగ్గరికో వెళ్తుంది. విడుదలైన తల్లి వెళ్ళి ఎదురుగా నిలబడితే ఆ పిల్ల గుర్తుపట్టదు. స్త్రీల సమాజం అక్కలారా, మీరు నెలకోసారి చీరలు పంచుతారు, దేవుడు మిమ్మల్ని దీవించాలి. ఒక తల్లిని, ఒక్క తల్లిని, ఏడాదిపాటు మీ మధ్య పెట్టుకోండి. ఆమె పిల్లను సండే స్కూలుకు తీసుకురండి. బళ్ళో తోటి పిల్లలు అనే మాట ఏదో ఆ పిల్ల ఎవరికీ చెప్పదు, మీకు చెప్తుందేమో చూడండి.

కాపరులతో ఒక మాట విడిగా చెప్పాలి. మొదటి ఆదివారమే అతని చేతికి మైకివ్వకండి. జైలు నుంచి వచ్చినవాడి సాక్ష్యానికి జనం వస్తారు, పోస్టరు మీద బాగుంటుంది. నేను చూశాను: పాత పాపం ఎంత భయంకరంగా చెప్తే అంత చప్పట్లు. రెండో సభకి ఇంకొంచెం కలిపి చెప్తాడు. మూడో సభ నాటికి అతనికి తన పాత మనిషే బతుకుతెరువవుతాడు. అతన్ని వెనక వరసలో కూర్చోనివ్వండి, కుర్చీలు సర్దనివ్వండి, ప్రేమవిందులో వడ్డించనివ్వండి. పిల్లల మీద నేరం చేసి వచ్చినవాడైతే పిల్లల దగ్గర ఒంటరిగా ఉంచకండి. ఆ సంగతి అతనితోనే ముఖాముఖి, కోపం లేకుండా చెప్పండి. కనికరం పేరుతో కళ్ళు మూసుకోమని నేను అడగడం లేదు.

వచ్చినవాడు హత్య కేసువాడైతే, అతని చేతిలో చనిపోయినవాడి భార్య మీ సంఘంలోనే ముందు వరసలో కూర్చుని ఉండవచ్చు. మన ఊళ్ళు చిన్నవి. ఆమెను అడగకుండా, ఆమెకు ముందుగా చెప్పకుండా అతన్ని ఆ గుమ్మంలోకి తీసుకురాకండి. క్షమించమని ఆమెను ఒత్తిడి చేసే హక్కు ఏ కాపరికీ లేదు. ఆమెకూ అద్దె ఉంది, పిల్లల ఫీజులున్నాయి, మగదిక్కు పోయిన ఇల్లది. అతని కోసం నిధి పెట్టిన సంఘం ముందు ఆమె గుమ్మం ఎక్కి రావాలి. అతనికి చోటు పక్క ఊరి సంఘంలో చూడవచ్చు. అందుకే ఈ పని ఒక్క సంఘం వల్ల కాదు. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, కతోలిక గీతలు గేటు దగ్గర చెరిపేసుకుని ఒకరికొకరం ఫోను చేసుకోవాలి.

ఎన్నిసార్లు మోసపోయావమ్మా అని నన్ను అడుగుతారు. మోసపోయాను. మా ఇంట్లో కుక్కరు పోయింది, ఒకతను తాగొచ్చి వీధిలో గొడవ చేశాడు, ఇద్దరు చెప్పకుండా వెళ్ళిపోయారు. ఎదురెళ్ళి తెచ్చుకున్న ఇరవై ముగ్గురిలో పదహారుమంది ఇవాళ ఏదో ఒక పని చేసుకుంటున్నారు. ఒకతను మినీ వ్యాను తోలుతున్నాడు. ఒకాయన మనవరాలికి నామకరణం చేస్తూ మమ్మల్ని పిలిచాడు. డప్పు వాయించిన అతను రెండోసారి బయటికొచ్చిన సాయంత్రం మేం ఇద్దరు తమ్ముళ్ళను పంపించాం, నేనూ వెళ్ళాను. ఇప్పుడు కూరగాయల బండి ఉంది. శనివారం శనివారం మా గ్రిల్ దగ్గర ఆగుతాడు. గ్రిల్ తీసే ఉంటుంది.

ఈ ఉత్తరం చదివి మీ మందిరంలో ఒక ప్రార్థన పెట్టండి. ఉపవాస ప్రార్థన అయినా సరే. తర్వాత మీకు దగ్గర్లో ఉన్న జైలుకో సబ్‌జైలుకో వెళ్ళి, రాబోయే మూడు నెలల్లో విడుదలయ్యేవాళ్ళలో ఇంటినుంచి ఎవరూ రానివాళ్ళ గురించి సంక్షేమ అధికారిని అడగండి.

వచ్చే నెల రెండో వారంలో ఇక్కడినుంచి ఒకతను వస్తున్నాడు. అప్పటికి శిక్ష పూర్తవుతుంది. వయసు యాభై దాటింది, వడ్రంగం బాగా వచ్చు, బీపీ మాత్రలు వాడుతున్నాడు. ఇంటినుంచి ఆరేళ్ళుగా ఎవరూ రాలేదు. ఊరు చింతూరు అవతల. ఆ వైపు సంఘం ఏదైనా అతని తమ్ముడితో ఒకసారి మాట్లాడగలిగితే, పొద్దున బస్సుకు మేం ఎక్కిస్తాం, అక్కడ దింపుకునేవాళ్ళు కావాలి. చెప్పుల సైజు తొమ్మిది.

ప్రభువునందు మీ సోదరి,
రాజమహేంద్రవరం